వంత కలిసిన చోట

మేనకోడలు: నమస్కారం. చిక్కడపల్లిలో మా మామయ్య ఇంట్లో, ఆయన రికార్డ్ ప్లేయర్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాం. ఇవాళ ఒకే పాటను రెండు గొంతుల్లో విన్నాం. ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ 1962లో రికార్డు చేసిన జానపద ధోరణి పాట. 1966లో అదే పాటను నల్లజాతి గాయకుడు స్టీవీ వండర్ సోల్ అనే అక్కడి నల్లజాతివారి సంగీత పద్ధతిలో పాడాడు. మామయ్యా, మీ ఓటు ఎవరికి?

మామయ్య: నలభై ఏళ్ళుగా డిలన్‌కే. ఒక గిటారు, ఒక మౌతార్గాన్, అంతే. మూడు చరణాలు, తొమ్మిది ప్రశ్నలు. గొంతు ఎక్కడా పెంచడు. అప్పటికి 21 ఏళ్ళ కుర్రాడు. వింటే మాత్రం ఎవరో పెద్దాయన సాయంత్రం అరుగు మీద కూర్చుని తనలో తానే అడుగుతున్నట్టు ఉంటుంది.

మేనకోడలు: నాకు అక్కడే వెలితి. అడిగి ఊరుకుంటాడు. స్టీవీ ఊరుకోడు. పాట విడుదలయ్యేనాటికి అతనికి 16 ఏళ్ళే! డ్రమ్స్ నడక మీద మొదలుపెడతాడు. కాసేపటికి ఇంకో గొంతు వచ్చి కలుస్తుంది.

మామయ్య: క్లారెన్స్ పాల్, అతని నిర్మాత. ఆ గొంతు వినగానే నాకు బుర్రకథ గుర్తొచ్చిందమ్మా. కథకుడు ఒక మాట అంటాడు, గుమ్మెట వాయించే వంతలు ‘తందాన తాన’ అంటూ అందుకుంటారు. వాళ్ళు అందుకుంటేనే కథ ముందుకు కదులుతుంది.

మేనకోడలు: డిలన్ పాటకు ఆ వంత కరువైందంటారా?

మామయ్య: ఉండేది. ఆ బాణీ ‘నో మోర్ ఆక్షన్ బ్లాక్’ అనే పాటది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారి పాట. మనుషులను వేలం వేసే బల్ల ఇక నాకు లేదు అని అర్థం. అక్కడి నుంచే తీసుకున్నానని డిలన్ స్వయంగా చెప్పాడు. ఇందాక నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు రెండింటి మొదటి పంక్తులూ కూనిరాగం తీసి చూశాను. ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి.

మేనకోడలు: అంటే స్టీవీ కొత్తగా తగిలించింది కాదు...

మామయ్య: ఆ బాణీని కన్నవాళ్ళ పిల్లలే మళ్ళీ నోట పట్టారు. అప్పుడు తొమ్మిది ప్రశ్నలూ మనవే అనిపిస్తాయి. అమెరికాలో నల్లజాతివారి సంగీతానికి వేసే ‘రిథమ్ అండ్ బ్లూస్’ పాటల పట్టికలో స్టీవీ పాట మొదటి స్థానానికి వెళ్ళింది.

మేనకోడలు: అయితే ఓటు మారిందా?

మామయ్య: డిలన్‌ను వదలలేను. ఆ సూది కాస్త వెనక్కి పెట్టమ్మా, పాల్ గొంతు కలిసే చోటికి.