కత్తెర తగలని జాకెట్ ముక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మా అమ్మ బీరువాలో, కింది అరలో, ఒక సంచీ నిండా జాకెట్ ముక్కలు ఉండేవి. శ్రావణమాసం పేరంటాల్లో వచ్చినవి, గృహప్రవేశాల్లో బొట్టుపెట్టి ఇచ్చినవి. ఇంటికొచ్చిన ముత్తైదువ బయల్దేరుతుంటే అమ్మ అందులోంచి ఒకటి తీసి తమలపాకులు, వక్క, అరటిపండుతో చేతిలో పెట్టేది. ఎవరిచ్చింది మళ్లీ వాళ్లకే వెళ్లకూడదని మాత్రం ఎంతో జాగ్రత్తపడేది. వాటిలో చాలావాటికి కత్తెర తగిలేదే కాదు. ఎవరూ కుట్టించుకోని గుడ్డ ఊరంతా ఎందుకు తిరగాలో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

జవాబు చాలా దూరంలో దొరికింది. పపువా న్యూగినీ దేశంలో తూర్పువైపు సముద్రంలో ట్రోబ్రియాండ్ దీవులున్నాయి. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడి జనం మధ్య ఉండి, చూసినదంతా 1922లో అచ్చువేయించాడు. ఆ దీవుల వాళ్లు పడవలు కట్టుకుని సముద్రం దాటివెళ్లి ఎర్రటి చిప్పల హారాలు, తెల్లటి చిప్పల కడియాలు ఒకరికొకరు ఇచ్చుకునేవారు. హారాలు దీవుల చుట్టూ ఒక దిక్కుగా, కడియాలు దానికి ఎదురుగా తిరిగేవి. దీన్ని 'కూలా' అంటారు. చేతికొచ్చినదాన్ని కొంతకాలమే ఉంచుకోవాలి, ఆపైన ముందుకు పంపాలి. కదలనివ్వకుండా దాచుకున్నవాడికి చెడ్డపేరు. పడవల్లో అమ్ముకునే సరుకులూ వెళ్లేవి, వాటికి బేరాలుండేవి. కూలా దగ్గర బేరమాడితే మాత్రం పరువుతక్కువ.

అది చదువుతుంటే అమ్మ సంచీ కళ్లముందు మెదిలింది. ఆ గుడ్డ కుట్టించుకోవడానికి కాదు, వెళ్లడానికి! అది ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటికీ మనకూ రాకపోకలున్నట్టు.

వాయనం ఇచ్చేటప్పుడు మన ఆడవాళ్లు అనే మాట చూడండి. "ఇస్తినమ్మ వాయనం" అని ఒకరంటే సరిపోదు, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని రెండోవారు పలకాలి. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం, మూడూ బాధ్యతలేనని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో రాశాడు. మూడింట్లోకీ పుచ్చుకోవడమే కష్టమని నాకనిపిస్తుంది. "మాకెందుకండీ ఇవన్నీ" అని చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు ఎదుటివాళ్ల ముఖం ఎలా చిన్నబోతుందో మనందరం చూసినదే.

పెళ్లి చదివింపుల పుస్తకం సంగతి కొంచెం వేరు. "ఫలానావారి చదివింపులు, నూటపదహార్లు" అని పైకి చదివి రాసుకునేవారు. పెళ్లి ఖర్చు మీదపడ్డ ఇంటికి అది పెద్ద ఊతం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పుస్తకం తిరగేసి, వాళ్లెంత పెట్టారో చూసి సరిగ్గా అంతే పెడితే అది బాకీ తీర్చడమే. ఇక అడిగి పుచ్చుకునే కట్నానికి కానుక అనే పేరే తగదు. 1961 నుంచీ అది చట్టరీత్యా నేరం కూడా.

మన కాలంలో కానుక అంటే నాకు మొదట గుర్తొచ్చేది రక్తం. మన దేశంలో ఒకప్పుడు దాన్ని అమ్ముకునేవారు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగాలన్నారు. డబ్బు అవసరంతో వచ్చినవాడు తన జబ్బు దాచిపెట్టే ప్రమాదం ఉంది. ఊరికే ఇచ్చేవాడికి దాచాల్సిన పనేముంది? బ్రిటన్, అమెరికాల పద్ధతులను పోల్చి టిట్మస్ అనే ఆచార్యుడు 1970లోనే ఈ మాట చెప్పాడు.

అమ్మకు ఆ జాకెట్ ముక్క ఎవరింటికి వెళ్లిందో తెలుసు. రక్తం ఇచ్చినవాడికి అదీ తెలియదు. పది నిమిషాలు పడుకుని, పిడికిలి మూస్తూ తెరుస్తూ 350 మిల్లీలీటర్లు ఇచ్చి, బిస్కెట్లు తిని ఇంటికి వెళ్లిపోతాడు. ఆ రక్తం సంచీ మీద గ్రూపు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఒక నంబరు ఉంటుంది. ఇచ్చినవాడి పేరు ఉండదు. ఏ అర్ధరాత్రో, ఏ కాన్పు గదిలోనో, ఎవరో దాన్ని పుచ్చుకుంటారు.

సెలవు. నమస్కారం.