ఐదు దాకా బడి, నాలుగున్నరకు బస్సు

వేదిక మీది పెద్దలకు, హెడ్మాస్టర్ గారికి, కింద బర్కాల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఈ రోజు రిటైరవుతున్న మా సైన్స్ సార్‌కు మాత్రం ఒక శుభవార్త. రేపటి నుంచి ఆయన ఏ యాప్‌లోనూ ఫోటో పెట్టక్కర్లేదు.

ఇందాక మాట్లాడిన పెద్దాయన బడి ఐదు దాకా ఉంచితే మార్కులు వాటంతటవే పెరుగుతాయన్నారు. నేను లెక్కల వాణ్ని, వినేసి ఊరుకోలేను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు, 1000 గంటల బోధన ఉండాలి. వెయ్యిని 220తో భాగించండి. ఏమ్మా, నీలం రిబ్బన్, నువ్వు చెప్పు. నాలుగున్నర, ఇంకొంచెం. భేష్! తొమ్మిది నుంచి నాలుగు దాకా అంటే ఏడు గంటలు. ప్రార్థన, భోజనం, ఇంటర్వెల్ తీసేసినా ఆ నాలుగున్నర మిగలాలి కదా. ముందు దాన్ని మిగల్చండి. హాజరు ఫోటో, భోజనం ఫోటో, ఇక నెట్ రాకపోతే సార్ సెల్ పట్టుకుని గ్రౌండంతా తిరగాలి. పాఠం ఎవరు చెప్తారు? మన ఆదోని చుట్టుపక్కల సుగ్గి, అదే కూలి పనులకు వలస పోయే సంగతి, మీకు తెలియనిది కాదు. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే అమ్మానాన్నల వెంట పిల్లలూ పోతే, ఆ 220 రోజులు ఎవరి కోసం?

సరే, అసలు చెప్పాలని వచ్చింది వేరే ఉంది.

చాలా ఏళ్ల కిందట కౌతాళం వైపు పనిచేసేటప్పుడు ఏడో తరగతికి సాయంత్రం గంట స్పెషల్ క్లాసు పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. సగానికి మూడో వంతు కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కూడేసి 'రెండు బై ఐదు' అంటున్నారు. నాకు టెన్షన్. ఒకమ్మాయి మాత్రం రోజూ సంచి భుజాన వేసుకుని కిటికీ దగ్గరే నిలబడేది. ఒక కన్ను బోర్డు మీద, ఒక కన్ను రోడ్డు మీద. కూర్చోమని కసిరాను.

"బస్సు పోతే మా నాయిన బడి మాన్పిస్తాడు సార్" అంది.

"గంటకేం కొంపలు మునగవులే" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

నాలుగున్నర బస్సు పోయింది. మూడు రోజులు చీకట్లో నడిచి వెళ్లింది. నాలుగో రోజు రాలేదు. వారం చూసి వాళ్ల ఊరికి వెళితే, చేలో పత్తి తీస్తోంది. వాళ్ల నాయిన చెంబుతో నీళ్లిచ్చి, "ఆడపిల్ల సార్, పొద్దు మునిగినాక దావలో ఒక్కతే నడ్సొస్తాంటే ఎట్ల?" అని మర్యాదగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తిరిగి వస్తుంటే ఆ పిల్ల నడుముకు కట్టుకున్న పత్తి గుడ్డతోనే గట్టు దాకా వచ్చి, "సార్, అది ఐదు బై ఆరు" అంది.

నా స్పెషల్ క్లాసు ఫలితం అదీ.

టైం పెంచాలనే వాళ్లు ముందు బస్సు టైం కనుక్కోండి. ఇంకా రెండు కాగితాలు రాసుకొచ్చాను గానీ... ఎంతయింది? నాలుగుంబావా? కౌతాళం బస్సెక్కే పిల్లలు లేవండమ్మా. సన్మానం ఫోటోలో మీరు లేకపోయినా పర్లేదు. చెప్పులు చూసుకుని పోండి.