కాలి మీద మానని పుండు

అందరికీ నమస్కారం.

గుర్రానికి డొక్కలో అరచేయంత తోలు లేచిపోయినా నేను పెద్దగా కంగారుపడను. మోకాలి కింద గోరంత గాయం కనిపిస్తే మాత్రం వంగి, వెలుతురులో పెట్టి చూస్తాను. గుర్రాల గాయాల గురించి తెలుసుకోవాల్సిన విషయం సగం ఈ తేడాలోనే ఉంది.

డొక్కలో తోలు వదులుగా ఉంటుంది. గాయం అంచులు తమంతట తామే దగ్గరికి లాక్కుంటాయి. మోకాలి కింద కండ లేదు. ఎముక, టెండన్లు (కండను ఎముకకు కట్టే తాళ్లలాంటివి), వాటి మీద బిగుతుగా తోలు. లాక్కోవడానికి జాగా లేదు కాబట్టి కొత్త చర్మం అంచు నుంచి పాక్కుంటూ రావాలి. డొక్కలో ఆ నడక రోజుకు దాదాపు 0.2 మిల్లీమీటర్లు. కాలి మీద 0.09. అంటే ఒక్క సెంటీమీటరు పాకడానికి దాదాపు 110 రోజులు!

ఇంకో చిక్కుంది. గాయమైన చోటుకు తెల్ల కణాలు దండుగా వచ్చి, చెత్త ఊడ్చి వెళ్లిపోవాలి. పోనీల్లో, అంటే పొట్టి జాతి గుర్రాల్లో, ఆ పని చురుగ్గా జరిగిపోతుంది. పెద్ద గుర్రాల కాళ్ల మీద వాపు మందకొడిగా మొదలై, నివురుగప్పిన నిప్పులా వారాల తరబడి ఉండిపోతుంది. దుర్మాంసం పెరిగేది అక్కడే. ఎర్రగా, మెరుస్తూ, అంచుల మీదికి పొంగుతుంది. కొత్త చర్మం ఆ గట్టు ఎక్కలేదు.

దుర్మాంసం కనిపించగానే చాలామంది మైలుతుత్తం అద్దుతారు. దయచేసి ఆ పని చేయకండి. పుండు అంచును ఒకసారి దగ్గరగా చూడండి. ఎర్ర కండకీ, వెంట్రుకలున్న తోలుకీ మధ్య నూలుపోగంత సన్నని లేత గులాబీ చార కనిపిస్తుంది. పుండును మూసేది ఆ చారే. మైలుతుత్తం కండతో పాటు దాన్నీ కాల్చేస్తుంది.

పొంగిన కండను కోసి తీయడమే మంచి పద్ధతి. అందులో నరాలు ఉండవు కాబట్టి కోత నొప్పి తెలియదు. గుర్రం కదలకుండా మత్తిస్తే చాలు. రక్తం మాత్రం ధారగా కారుతుంది. అందుకే కింది నుంచి పైకి కోస్తాం, లేకపోతే కారే రక్తంలో ఏమీ కనబడదు. తోలు మట్టానికి తెచ్చి, ఆ లేత చారను ముట్టుకోకుండా వదిలి, గట్టిగా కట్టు కడతాం.

కోసినా మళ్లీ పెరిగితే? అప్పుడు ఆయింట్‌మెంట్ మార్చడం కాదు, కారణం వెతకాలి. ఒక ఆడ గుర్రం ముంగాలి పుండు మూడు నెలలైనా మానలేదు. నేనే రెండుసార్లు కోసి కట్టు కట్టాను. మూడోసారి చూస్తే పుండు మధ్యలో చిన్న రంధ్రం, దాంట్లో చీము బొట్టు. సన్నని లోహపు పుల్ల దింపితే గట్టిగా ఏదో తగిలింది. ఎక్స్‌రేలో గోరంత చచ్చిన ఎముక పెచ్చు విడిగా కనిపించింది. అది తీసేశాక పుండు మానడం మొదలైంది. రెండోసారి కోసే ముందే ఎక్స్‌రే తీయాల్సింది. ఆ గుర్రం అన్ని రోజులు బాధపడింది నా ఆలస్యం వల్లే.

ఎముక పెచ్చు లేకపోతే సార్కాయిడ్ అనే చర్మపు గడ్డ కావచ్చు, ఈగలు మోసుకొచ్చే హాబ్రోనీమా పురుగు పిల్లలు కావచ్చు, నిల్వ నీళ్లలో ఉండే, బూజులాంటి పైథియం కావచ్చు. పైకి అన్నీ దుర్మాంసంలాగే ఉంటాయి. ముక్క తీసి బయాప్సీకి పంపితేనే తేలుతుంది. గిట్ట వెనక మడమ మీద గాయమైతే అడుగడుగునా నోరు తెరుచుకుంటుంది. అక్కడ మందుకన్నా కదలకుండా ఆపే పట్టీ ముఖ్యం.

మొదటి రోజు పని మీ చేతిలో ఉంది. ధారాళంగా సెలైన్‌తో కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, పొడులు వద్దు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో చూసుకోండి, గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది. గాయం కీలు పక్కన ఉంటే, ఎంత చిన్నదైనా, గుర్రం బాగానే నడుస్తున్నా, ఆ గంటలోనే డాక్టరును పిలవండి. గాయానికి దూరంగా కీలులోకి సూదితో సెలైన్ ఎక్కించి, గాయంలోంచి కారుతుందేమో చూస్తాం. కారితే కీలు తెరుచుకున్నట్టే. రేపటిదాకా ఆగితే కీలే పోవచ్చు.

పుండు మరీ వెడల్పైతే, కండ చదునుగా, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, జూలు కింద మెడ నుంచి చిన్న చిన్న చర్మపు బిళ్లలు తీసి నారు నాటినట్టు నాటుతాం. కొన్నాళ్లకు కట్టు విప్పితే అవి నల్లబడి, పొట్టులా రాలుతూ కనిపిస్తాయి. అంతా పోయిందనుకుని రుద్ది కడిగేస్తారు. వద్దు. ఆ పొట్టు కింద లేత చుక్కలు బతికే ఉంటాయి. ఒక్కో చుక్క చుట్టూ కొత్త అంచు మొదలవుతుంది.