ఖాళీ సోఫా ఉన్న ఆల్బమ్

శ్రోతలకు నమస్కారం. ఈ పూట నాకెంతో ఇష్టమైన ఒక ఆల్బమ్ గురించి మాట్లాడతాను. పేరు ‘ఆల్ వుయ్ నో ఈజ్ ఫాలింగ్’. పారామోర్ అనే అమెరికన్ బ్యాండ్ మొట్టమొదటి ఆల్బమ్ ఇది. 2005 జులైలో వచ్చింది. మొత్తం 10 పాటలు, అన్నీ కలిపి సుమారు 35 నిమిషాలు. అప్పటికి పాటలు పాడిన హేలీ విలియమ్స్‌కు 16 ఏళ్లు. డ్రమ్స్ వాయించిన జాక్ ఫారోకు 15. అంటే మన పదో తరగతి, ఇంటర్ పిల్లల వయసే.

ఈ రకం సంగీతాన్ని పాప్ పంక్ అంటారు. పరుగు పెట్టే డ్రమ్స్, గరగరలాడే గిటార్లు, వాటి మీద ఒకటి రెండుసార్లు వింటే నోటికి వచ్చేసే బాణీ. దీనికి ఇమో అనే మరో రాక్ శైలి తోడైతే పాటలోకి మనసు గోడు వచ్చి చేరుతుంది. అలక, దిగులు, ఎడబాటు, అన్నీ దాచుకోకుండా గొంతెత్తి పాడేస్తారు. అలవాటు లేనివాళ్లకు మొదట గోలగా అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టి వినమని మనవి.

వీళ్లది టెనెసీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్. కంట్రీ అనే అమెరికన్ పల్లె బాణీ సంగీతానికి పేరుపడ్డ నాష్‌విల్ పక్కనే ఉన్న ఊరు. హేలీకి 14 ఏళ్లప్పుడే అట్లాంటిక్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీ ఒప్పందం రాయించుకుంది. ఆమెను ఒంటరి పాప్ గాయనిగా నిలబెట్టాలని వాళ్ల ఆలోచన. ఆ పిల్ల ఒప్పుకోలేదు. పాడితే నా స్నేహితులతో కలిసి బ్యాండ్‌లోనే పాడతానని పట్టుబట్టింది. ఆ వయసులో అంత పెద్ద కంపెనీ ముందు అలా నిలబడటం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. చివరికి కంపెనీయే దిగివచ్చి, రాక్ కుర్రకారులో మంచి పేరున్న ‘ఫ్యూయల్డ్ బై రామెన్’ అనే లేబుల్ ద్వారా ఆల్బమ్ తెచ్చింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి. రికార్డింగ్ కోసం అందరూ ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్లారు. బాస్ గిటార్ వాయించే జెరెమీ డేవిస్ హేలీ కంటే దాదాపు నాలుగేళ్లు పెద్ద. ఓర్లాండో చేరిన కొద్ది రోజులకే తన సొంత కారణాలతో బ్యాండ్ వదిలి వెళ్లిపోతున్నానని చెప్పేశాడు. ఆలోచించండి. ఊరు కాని ఊరు. మొదటి ఆల్బమ్. అంతా చిన్నపిల్లలు. తమలో ఒకడు లేచి వెళ్లిపోయాడు.

వీళ్లు ఆ బాధను పక్కన పెట్టలేదు, దాన్నే పాట చేశారు. ఆల్బమ్‌లో మొదటి పాట ‘ఆల్ వుయ్ నో’ జెరెమీ వెళ్లిపోవడం గురించే. ఆల్బమ్ పేరూ ఆ దిగులులోంచే వచ్చింది. ఇక అట్ట మీది బొమ్మ చూడండి. ఒక ఎర్ర సోఫా. అందులో ఎవరూ లేరు. పక్కన ఒక మనిషి నీడ నడిచి వెళ్లిపోతూ ఉంటుంది. మనిషి కనపడడు, నీడే. బ్యాండ్ సభ్యుల ఫొటో లేదు, హేలీ ముఖం లేదు. తొలి ఆల్బమ్ అట్ట మీద తమ ముఖాలు కాకుండా, వెళ్లిపోయిన స్నేహితుడి ఖాళీ చోటు పెట్టుకున్నారు. నేను చూసిన ఆల్బమ్ అట్టల్లో ఇంత నిజాయితీగా ఉన్నవి తక్కువ.

మరో మాట కూడా చెప్పాలి. కొన్ని నెలలకు జెరెమీ తిరిగి వచ్చి బ్యాండ్‌లో చేరాడు. ఆ ఎడబాటు మాత్రం ఆల్బమ్‌లో అలాగే ఉండిపోయింది.

మిగతా పాటల్లో ‘ఎమర్జెన్సీ’ తప్పక వినండి. చెడిపోతున్న కాపురాన్ని దగ్గర నుంచి చూసిన పిల్ల కోపం అందులో ఉంది. హేలీ తల్లిదండ్రులు విడిపోయారు. తొమ్మిదో పాట ‘ఫ్రాంక్లిన్’ సొంత ఊరి మీద. తిరిగి వెళితే ఊరు మునుపటిలా ఉండదన్న బెంగ దాన్నిండా ఉంది. ఇక్కడ వేగం తగ్గుతుంది, గిటార్ వాయించే జోష్ ఫారో గొంతు కూడా కలుస్తుంది.

వచ్చిన కొత్తలో ఈ ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. 2007లో రెండో ఆల్బమ్ ‘రయట్’ పెద్ద హిట్ అయ్యాక జనం వెనక్కి వెళ్లి దీన్ని వెతుక్కున్నారు. 2014లో అమెరికాలో దీనికి, అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది.

నా కోరిక ఒక్కటే. ఈ పాటలు వరసలో వినండి. ఫోన్‌లో షఫుల్ ఆపేసి, మొదటి పాట నుంచి పదో పాట దాకా వరసలోనే వినండి. వెళ్లిపోయినవాడి మీద పాటతో మొదలై, మారిపోయిన ఊరి మీదుగా, చివరి పాట ‘మై హార్ట్’కు వస్తారు. అది నెమ్మదిగా మొదలవుతుంది. పోను పోను పెరిగి, చివర్లో హేలీ పాడుతుండగా వెనక జోష్ గొంతు చించుకుని అరుస్తాడు. ఆ పాటను విడిగా వింటే ఆ అరుపు ఎందుకో తెలియదు. ముందున్న తొమ్మిదీ విని అక్కడికి వస్తే తెలుస్తుంది. ఇంగ్లిష్ మాటలు అందకపోతే సాహిత్యం పక్కన పెట్టుకోండి, సౌండ్ కాస్త పెంచుకోండి. నమస్కారం.