మార్చురీలో గీసిన బొగ్గుబొమ్మ

మిత్రులారా,

జర్మన్ చిత్రకారిణి, శిల్పి కేథె కోల్విట్జ్ అనగానే చాలామందికి చెయ్యి పైకెత్తి 'ఇక యుద్ధం వద్దు' అని అరిచే 1924 నాటి పోస్టరు గుర్తొస్తుంది. గొప్ప బొమ్మే. కానీ నేనివాళ మాట్లాడదలచుకున్నది ఆవిడ 1919 జనవరి 25 ఉదయం బెర్లిన్ మార్చురీలో బొగ్గుతో గీసిన ముఖం గురించి.

ఆ ముఖం కార్ల్ లీబ్‌క్నెక్ట్‌ది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఎదిరించిన జర్మన్ సోషలిస్టు నాయకుడాయన. పది రోజుల ముందు ఆయన్నీ, సహచరి రోజా లక్సెంబర్గ్‌నీ పట్టుకుని చంపేశారు. ఆయన కుటుంబం కోరితే కోల్విట్జ్ బొమ్మ గీయడానికి వెళ్లారు. తూటా దెబ్బ తిన్న నుదుటి చుట్టూ ఎర్రపూలు పెట్టారనీ, నోరు కాస్త తెరుచుకుని ఉందనీ డైరీలో రాసుకున్నారు. బొగ్గులో ఎరుపు పలకదు కదా! కాగితం మీద మిగిలింది వెనక్కి వాలిన తల, మూసిన కళ్లు, నోటి దగ్గర నలుపు. పక్కన ఏడ్చే మనిషి లేడు, జెండా లేదు.

లీబ్‌క్నెక్ట్ రాజకీయాలు ఆవిడవి కావు. అయినా ఆయన కోసం కార్మికులు పడ్డ బాధను చిత్రించే హక్కు కళాకారిణిగా తనకుందని గట్టిగా నమ్మారు. ఆ జనం ఆవిడకు కొత్తేమీ కాదు. భర్త కార్ల్ కోల్విట్జ్ ఉత్తర బెర్లిన్‌లో కార్మికుల పేట డాక్టరు.

ఇక్కడ మరో చావు గురించి చెప్పాలి. చిన్న కొడుకు పీటర్ 18 ఏళ్లకే సైన్యంలో చేరతానంటే తండ్రి ఒప్పుకోలేదు. కొడుకు తరఫున మాట్లాడి ఒప్పించింది తల్లే. 1914 అక్టోబరులో బెల్జియంలో పీటర్ చనిపోయాడు. మార్చురీకి వెళ్లేనాటికి ఆవిడ నాలుగేళ్లుగా ఆ కొడుకు స్మారకంతో కుస్తీ పడుతున్నారు. పడుకున్న పీటర్, తల దగ్గర తండ్రి, పాదాల దగ్గర తల్లి, ఇదీ తొలి ఊహ. 1919లో దాన్ని వదిలేశారు.

లీబ్‌క్నెక్ట్ బొమ్మా తేలిగ్గా తెమల్లేదు. ఎచింగ్ (రాగిరేకు మీద గీసి అచ్చువేయడం) ప్రయత్నించారు, లిథోగ్రాఫ్ (రాతి మీద గీసి అచ్చువేయడం) ప్రయత్నించారు, రెండూ నచ్చలేదు. జర్మన్ శిల్పి ఎర్న్‌స్ట్ బార్లాహ్ ఉడ్‌కట్‌లు, అంటే చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు, చూశాక, 1920లో చెక్క మీదికి మారారు. అందులో శవం కింది అంచున పడుకుని ఉంటుంది. పైనంతా వంగిన కార్మికుల వీపులు, తలలు. ముందున్నతని బరువైన చెయ్యి ఆ ఛాతీ మీద ఆనుతుంది. 'బతికున్నవాళ్ల నుంచి మృతుడికి' అని కింద చెక్కారు. బొగ్గుబొమ్మలో ఒంటరిగా ఉన్న మృతుడు, ఇక్కడికొచ్చేసరికి బతికున్నవాళ్లకు చోటిచ్చి పక్కకు తప్పుకున్నాడు.

పీటర్ స్మారకమూ చివరికి ఆ దారే పట్టిందని నా అభిప్రాయం. 1932లో బెల్జియం శ్మశానంలో నిలబెట్టిన రాతి విగ్రహాల్లో కొడుకు లేడు. మోకాళ్ల మీద తల్లి, తండ్రి, వేరువేరు దిమ్మెల మీద. ముఖాలు భార్యాభర్తలవే. ఇప్పుడవి బెల్జియంలోనే 'వ్లాడ్స్‌లో' అనే ఊరి శ్మశానంలో ఉన్నాయి.

ఉడ్‌కట్‌నే ఆవిడ కళకు శిఖరమనేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ వీపుల బరువు అర్థం కావాలంటే ముందు బొగ్గుబొమ్మనే చూడాలంటాను. చనిపోయినవాణ్ని అంత దగ్గరగా, అంతసేపు చూసిన మనిషే తర్వాత అతన్ని బొమ్మలో పక్కకు జరపగలిగింది.