మొదటి వారం క్యాష్ కౌంటర్ వద్దు

అందరికీ నమస్కారం. ఈ మధ్యే బ్యాంకు బ్రాంచి మేనేజర్లయినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. బ్యాంకు ఉద్యోగాల కోసం పెట్టే ఐబీపీఎస్ పరీక్ష రాసి మీ దగ్గరికి రాబోయే కొత్త క్లర్కు మొదటి వారం గురించి మాత్రమే మాట్లాడతాను.

నేను చేరిన రోజున క్యాషియర్ సెలవు. "కూర్చోమ్మా, డబ్బు లెక్కపెట్టడమేగా" అని నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. సాయంత్రానికి అయిదు వందలు తక్కువొచ్చింది. కౌంటర్లో తగ్గిన డబ్బు అక్కడ కూర్చున్నవాళ్ళే పెట్టుకోవాలి. పక్క సీటు అక్క సర్దితే, నాన్నను అడిగి తీర్చాను. మొదటి జీతానికి ఇంకా నెల ఉంది.

అందుకే మొదటి వారం క్యాష్ ఇవ్వకండి. నెల మొదటి రోజుల్లోనూ, పింఛనుదార్లు జీవన ప్రమాణపత్రాల కోసం వచ్చే నవంబర్లోనూ అసలు వద్దు.

కొత్తగా వచ్చినవాళ్ళను ఒక మనిషికి అప్పగించండి. అందరికంటే సీనియర్‌కి కాదు, రెండు మూడేళ్ళ కిందట చేరినవాళ్ళకి. తమకు అప్పుడు ఏం తెలియలేదో వాళ్ళకింకా గుర్తుంటుంది. ఉదయం ఖాతా తెరిచే ఫారాలు చూడనివ్వండి. పాన్, ఆధార్, సంతకం ఎందుకు అడుగుతున్నామో చెప్పించండి. సాయంత్రం నిన్నటి వోచర్లు సరిచూడమనండి. డబ్బు ముట్టుకోకుండానే బ్రాంచి పనంతా కళ్ళముందుకొస్తుంది. ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

కొత్తవాళ్ళు కంప్యూటర్లో పనిచేయడానికి కావలసిన యూజర్ ఐడీ కోసం ముందే రాయండి. అది రాకపోతే ఎవరో ఒకరు "నా పాస్‌వర్డ్‌తో కానిచ్చెయ్" అంటారు. ఒకరు ఎంట్రీ వేస్తే మరొకరు చూసి పాస్ చేయడమనే పద్ధతంతా ఎవరి ఐడీ వాళ్ళ దగ్గరే ఉండటం మీద నిలబడింది. ఆ అలవాటు మొదటి రోజే పోతే మళ్ళీ రాదు. ఈ ఒక్క విషయంలో దయచేసి మొహమాటపడకండి.

కాగితాలకు ఒక పూట చాలు. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్ళంతా ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను పథకం కిందికి వస్తారు కాబట్టి ప్రాన్ అనే ఆ పింఛను ఖాతా నంబరు, నామినీ వివరాలు అప్పుడే పూర్తి చేయించండి. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఉన్న మహిళల ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో కూడా చెప్పండి.

శ్రీకాకుళం పిల్లకి అనంతపురం జిల్లాలో పోస్టింగు వస్తే, గది వెతుక్కోడానికి వెసులుబాటివ్వండి. లాడ్జిలో సంచి పెట్టి వచ్చిన మనిషికి మీరు చెప్పేది చెవికెక్కదు.

వారాంతంలో పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏది అర్థం కాలేదమ్మా?" అని అడగండి. నన్నెవరైనా అలా అడిగి ఉంటే, కట్ట మీది చీటీలో వంద అని రాసుంటే లెక్కపెట్టకుండానే తీసుకున్నానని చెప్పేదాన్ని.