రెండేళ్లలో వెళ్ళిపోయేవాడు బత్తాయి నాటడు

(దృశ్యం: నల్లగొండ దగ్గర బత్తాయి తోట, ఉదయం. వక్త చెట్ల సాళ్ల మధ్య నిలబడి ఉన్నారు.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ రోజు మందిరంలో కాకుండా తోటలో నిలబడి మాట్లాడుతున్నాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం తీసుకునే వాగ్దాన కార్డుల్లో, అంటే కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసి ఇచ్చే కార్డుల్లో, యిర్మీయా 29:11 ఎన్నిసార్లు వచ్చిందో గుర్తు చేసుకోండి. మీ ఇంటి గోడ మీద కూడా ఉండే ఉంటుంది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే ఆ మాటంటే నాకు ప్రాణం. కానీ దాన్ని పదో వచనం నుంచి కత్తిరించి, ఈ ఏడాదిలోనే అన్నీ జరిగిపోతాయన్నట్టు చేతిలో పెడుతుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ పదో వచనంలో ఒక అంకె ఉంది. 70 సంవత్సరాలు. బబులోనులో అన్నేళ్లు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానన్నాడు దేవుడు.

ఈ వచనాలు యిర్మీయా ప్రవక్త రాసిన ఒక ఉత్తరంలోవి. క్రీ.పూ. 597లో యూదా రాజైన యెకొన్యాతో పాటు బబులోనుకు చెరపోయినవారికి, అంటే బందీలుగా వెళ్లినవారికి, ఆ ఉత్తరం రాశాడు. అదే కాలంలో యెరూషలేము ఆలయంలో హనన్యా అనే ప్రవక్త అందరి ముందూ ఇంకో మాట చెప్పాడు. రెండేళ్లు, అంతే, అందరూ తిరిగి వచ్చేస్తారన్నాడు. వినడానికి ఎంత హాయిగా ఉంటుంది! యిర్మీయా కూడా ముందు "ఆమేన్, దేవుడు అలాగే చేయు గాక" అన్నాడు. ఆయన కోరికా అదే. కానీ దేవుడు హనన్యాను పంపలేదు.

ఇప్పుడు ఉత్తరంలో 70 అనే అంకె కంటే ముందు ఏముందో చూడండి. ఇళ్లు కట్టుకోండి. తోటలు నాటి వాటి ఫలాలు తినండి. పిల్లలకు పెళ్లిళ్లు చేయండి. మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి.

తోటలు అన్నాడు! నల్లగొండ వాళ్లకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. బత్తాయి అంటు నాటితే సరైన కాపు కంటితో చూడడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అంతవరకూ పాదులు, ఎరువు, నీళ్లు. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరుకు అప్పు. హనన్యా మాట నమ్మినవాడు ఏం నాటుతాడు? ఇంటి వెనక కాస్త తోటకూర చల్లుకుంటాడు, మహా అయితే నాలుగు మిరప మొక్కలు పెడతాడు. ఎలాగూ మూట కట్టుకునేవాడికి బత్తాయి ఎందుకు? 70 ఏళ్ల మాట నమ్మినవాడే గుంత తవ్వుతాడు. ఆలస్యమని తెలిశాక కాళ్లు బారజాపుకొని కూర్చున్నది వాళ్లు కాదు.

మన బైబిల్లో ఇదంతా ఒక్క మాటలోనే దాగి ఉంది. 'కనిపెట్టుట' అంటే ఎదురుచూడడం. అదే మాటను ఇంట్లో ఎలా వాడతాం? "నేను ఊరికి వెళ్తున్నాను, తోటను కాస్త కనిపెట్టుకొని ఉండు" అంటాం. కావలి కాయడం, బాగోగులు చూడడం. దేవుని కోసం కనిపెట్టడంలో ఈ రెండూ ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్లీ బత్తాయి దగ్గరకే వస్తాను. పూతకు ముందు కొన్నాళ్లు రైతు కావాలనే నీరు ఆపుతాడు. బెట్టకు గురిచేయడం అంటారు. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. తర్వాత తడి ఇస్తే చెట్టు నిండా పూత. "నీ శ్రమ కూడా బెట్టే, పూత వస్తుంది" అని చెప్పుకోవచ్చు. నా విషయంలో నేను చెప్పుకుంటాను కూడా. అయితే మోటారు కాలిపోయి చెట్లు ఎండిపోతున్న పక్క రైతు దగ్గరకు వెళ్లి "ఇది బెట్టే అన్నా, పూత కోసమే" అంటామా? రోడ్డు మీద నుంచి చూస్తే రెండు తోటలూ ఒకేలా కనిపిస్తాయి. నా తండ్రి వ్యవసాయకుడు అన్నాడు యేసు. ఏది బెట్టో, ఏది కరువో ఆయనకు తెలుసు. పొరుగువాడిగా నేను చేయగలిగింది నా బోరు నుంచి అతని తోటకు పైపు వేయడం.

మా ప్రార్థన కూడికకు ఒక అక్క వచ్చేది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా సంతానం లేదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "వచ్చే ఏడు ఈ కాలానికి నీ ఒడిలో కుమారుడు" అనేవారు. అది శారా గురించి దేవుడు అబ్రాహాముకు చెప్పిన మాట. అదీ అబ్రాహాము దేవుని మాట మీద 75వ ఏట హారాను అనే ఊరు విడిచి బయలుదేరి, 24 ఏళ్లు ఎదురుచూశాక, 99వ ఏట. ఈ అక్కకు ఆ తేదీ ఎవరిచ్చారు? చివరికి ఆమె రావడం మానేసింది. అడిగితే, "నేను రాగానే మీరంతా నా కడుపు వైపు చూస్తున్నారు" అంది. ఆ మాట చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సమయం మించిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. హెబ్రీ 10:23 నిరీక్షణను గట్టిగా పట్టుకోమంటుంది, 25వ వచనం ఒకరినొకరు హెచ్చరించుకోమంటుంది, అంటే ప్రోత్సహించుకోమంటుంది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కలిపి చదవండి. 11:13 ప్రకారం వాగ్దాన ఫలం అందకుండానే, దూరం నుంచి చూసి మృతి పొందినవారూ ఉన్నారు. వాళ్లను విశ్వాసం తక్కువైనవాళ్లు అనలేదు. రాజుకు పానీయం అందించే పానదాయకుల అధిపతి తన సంగతి చెప్పడం మరచిపోతే యోసేపు ఇంకా రెండేళ్లు చెరసాలలోనే ఉన్నాడు. దీని మీద ఇంకో వీడియో చేస్తాను.

ఆ అక్క సంగతి చెప్పి ఆపుతాను. వాళ్ల వీధిలోని ఒక పెద్దమ్మ మంగళవారాల్లో ఆమె ఇంటికి వెళ్లేది. ఇద్దరూ కూర్చుని చింతపండు గింజలు తీసేవారు. లేచే ముందు పెద్దమ్మ 13వ కీర్తన చదివేది. "ఎంతకాలము" అని నాలుగుసార్లు అడిగే కీర్తన అది. తేదీ ఏదీ చెప్పేది కాదు. అక్కకు సంతానం ఇంకా కలగలేదు. ఈ మధ్య కూడికకు మళ్లీ వస్తోంది. పోయిన ఆదివారం, ఉద్యోగ పరీక్ష ఫలితం కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఒక తమ్ముడి పక్కన వెళ్లి కూర్చుంది.